దళ సభ్యుడి బతుకు ఏ కాగితంలో ఉంది?

నల్లగొండ పల్లెల్లో ఊరి మొదట్లోనో, నాలుగు బాటలు కలిసే చోటో ఎర్రరంగు వేసిన స్తూపం కనిపిస్తుంది. దాని మీద కొన్ని పేర్లుంటాయి. ఏటా సెప్టెంబరులో ఒక పూలదండ పడుతుంది. ఆ మనిషి ఎవరింట్లో జీతమున్నాడు, ఏ వయసులో దళంలో కలిశాడు, అతను పోయాక పిల్లలను ఎవరు సాకారు అన్నది మాత్రం రాయి చెప్పదు.

తెలంగాణ సాయుధ పోరాట నాయకుల జీవితాలు పుస్తకాలయ్యాయి. తుపాకీ మోసిన మామూలు సభ్యుడి జీవితం మాత్రం నాలుగైదు చోట్ల ముక్కలై పడి ఉంది. ఆ ముక్కలు ఎక్కడున్నాయో, వాటిని ఎలా చదవాలో చెప్పుకుందాం.

జాబితా లేని సైన్యం

1944లో భువనగిరి సభలో రావి నారాయణరెడ్డి అధ్యక్షుడయ్యాక ఆంధ్ర మహాసభ పల్లెల్లోకి పాకింది. చీటీ ఇచ్చి సభ్యులను చేర్చుకునేది కాబట్టి జనం దాన్ని చీటీల సంగం అన్నారు. వెట్టి మీద, గడీల మీద తిరగబడ్డ ఆ సంగం మీద 1946 జూలై 4న కడివెండిలో దొర మనుషులు కాల్పులు జరిపారు. దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. కడివెండి అప్పుడు నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో ఉండేది. 1947 సెప్టెంబరు 11న సాయుధ పోరాటానికి పిలుపు వచ్చింది. 1948 సెప్టెంబరు 13 నుంచి 17 దాకా జరిగిన పోలీస్ యాక్షన్‌తో నిజాం పాలన ముగిసింది. దళాల పోరు మాత్రం ఆగలేదు. భారత యూనియన్ సైన్యాలతో మరో మూడేళ్లు నడిచి, 1951 అక్టోబరు 21న విరమణతో ముగిసింది.

పుచ్చలపల్లి సుందరయ్య 1972 నాటి తన గ్రంథంలో గ్రామ దళాల్లో సుమారు 10,000 మంది, ఇల్లు వదిలి తిరిగే గెరిల్లా దళాల్లో సుమారు 2,000 మంది ఉన్నారని రాశారు. 4,000 మంది ప్రాణాలిచ్చారని లెక్క చెప్పారు. ఇది పోరాటాన్ని నడిపిన కమ్యూనిస్టు పార్టీ లెక్క అని గుర్తుంచుకునే చదవాలి.

సర్కారు సైన్యంలో చేరినవాడికి నంబరు, జీతం పట్టీ, సెలవు చీటీ ఉంటాయి. దళంలో అవేవీ లేవు. ఉండకూడదు కూడా. ఒక్క జాబితా శత్రువు చేతిలో పడితే అన్నం పెట్టిన ఊరు ఊరంతా దెబ్బలు తినేది. అందుకే పేర్లు సైతం మార్చుకున్నారు. మల్లు స్వరాజ్యం దళంలో రాజక్క. ఆమె తలకు 10,000 రూపాయల వెల కట్టారు. ఆమెకు పేరొచ్చింది కాబట్టి రాజక్క ఎవరో మనకు తెలుసు. మామూలు సభ్యుడి మారుపేరు వెనుక ఎవరున్నారో పక్క దళానికే తెలిసేది కాదు.

యూనియన్ సైన్యాలు వచ్చాక మైదానంలో నిలవలేక చాలా దళాలు నల్లమలకు, పాలమూరు జిల్లా అమ్రాబాద్ అడవుల వైపుకు తరలిపోయాయి. అక్కడ నేలకొరిగిన మనిషి విషయంలో చిక్కు ఇంకా పెరుగుతుంది. చనిపోయిన చోట అతని మారుపేరే తెలుసు. పుట్టిన ఊళ్లో అసలు పేరే తెలుసు. ఈ రెంటినీ కలపగలిగింది తోటి సభ్యుడి జ్ఞాపకం ఒక్కటే.

ఉర్దూలో ఒక పేరు

కాగితం పుట్టేది ఎక్కువగా మనిషి పట్టుబడినప్పుడు. మొదటి ముక్క అలా పుట్టిన పోలీసు, జైలు, కోర్టు రికార్డులే. నిజాం కాలపు రాజభాష ఉర్దూ కాబట్టి ఆనాటి రికార్డులు ఎక్కువగా ఉర్దూలో ఉంటాయి. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం పాలన నాటి దస్తావేజులు భద్రపరిచి ఉన్నాయి.

ఆ కాగితాల్లో పేరును గుర్తుపట్టడమే మొదటి చిక్కు. కొమురవెల్లి మల్లన్న పేరు పెట్టుకున్న కొమరయ్యలు ఈ ప్రాంతంలో ఎందరో. ఉర్దూలో హ్రస్వ స్వరాలకు సాధారణంగా అక్షరం రాయరు. కాఫ్, మీమ్, రే, యే, అలిఫ్ అని గుమాస్తా రాసుకుంటే దాన్ని కొమరయ్య అని చదవచ్చు, కుమరయ్య అనీ చదవచ్చు, కమరయ్య అని కూడా చదవచ్చు. ళ, ణ లకు ఆ లిపిలో అక్షరాలే లేవు. ఊరిపేరుకూ ఇదే గతి. కాబట్టి పేరొక్కటి కలిస్తే చాలదు. తండ్రి పేరు, ఊరు, తాలూకా, కులం, వీటిలో రెండు మూడైనా కలవాలి.

తేదీల్లో మరో మెలిక ఉంది. హైదరాబాద్ రాజ్యంలో ఫసలీ సంవత్సరం నడిచేది. అది అక్టోబరులో ఆజూర్ నెలతో మొదలయ్యేది. కాగితం మీద 1355 ఫసలీ అని ఉంటే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అయితే 590 కలపాలి, అంటే 1945. జనవరి తర్వాతైతే 591 కలపాలి, అంటే 1946. దొడ్డి కొమరయ్య అమరుడైన జూలై 4 ఆ లెక్కన 1355 ఫసలీలోనే పడుతుంది. ఈ సంగతి తెలియక ఒక ఏడాది అటూ ఇటూ అయితే, మనిషి జైల్లో ఉన్న రోజుల్లో దాడిలో పాల్గొన్నట్టు తేలుతుంది.

పోలీస్ యాక్షన్ తర్వాత ప్రత్యేక ట్రిబ్యునళ్లు పన్నెండు మందికి ఉరిశిక్ష వేశాయి. బ్రిటిష్ న్యాయవాది డి.ఎన్. ప్రిట్ వచ్చి సుప్రీంకోర్టులో వాదించారు. 1951లో కోర్టు జోక్యం చేసుకోలేదు. తర్వాత ఆ శిక్షలు యావజ్జీవంగా మారాయి. ఇలాంటి తీర్పుల్లో నేరం, శిక్ష స్పష్టంగా ఉంటాయి. నేరంగా చూపిన ఆ రోజుకు ముందు ఆ మనిషి ఎవరి పొలం దున్నాడో మాత్రం ఉండదు.

పింఛను దరఖాస్తు, పహాణీ

రెండో ముక్క పింఛను ఫైలు. కేంద్రం 1972లో స్వాతంత్ర్య సమరయోధుల పింఛను పథకం పెట్టింది, 1980లో విస్తరించింది. ఆరు నెలల జైలు జీవితం చూపాలి, స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు మూడు నెలలు. అజ్ఞాతంలో ఉన్నవాళ్లయితే తమను పరారీగా ప్రకటించారనో, పట్టిస్తే బహుమతి పెట్టారనో రుజువు కావాలి. అంటే పోలీసు ఎవరి పేరు రాసుకోలేదో, వాళ్లు ఏడాది అడవిలో గడిపినా చూపడానికి కాగితం లేదు. బాగా తప్పించుకున్నవాడే చివరికి రుజువు లేనివాడయ్యాడు. రికార్డు దొరకనప్పుడు, జైలుకెళ్లిన ప్రముఖ సమరయోధుడి ధ్రువపత్రాన్ని ఒప్పుకునే వీలు పెట్టారు. ఈ కేసుల్లో క్రిమినల్ కేసుకు అడిగినంత రుజువు అడగకూడదని గురుదయాళ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2001లో చెప్పింది.

చరిత్ర రాసేవారికి ఈ దరఖాస్తు గొప్ప ఆధారం. ఊరు, వయసు, తోటివాళ్ల వివరాలు అందులో మనిషి తన నోటితో చెప్పుకున్నాడు. అయితే నిబంధనకు సరిపోయేలా చెప్పుకున్నాడని కూడా మరవకూడదు. ఇంకో పరిమితి ఉంది. హైదరాబాద్ పోరాటంలో కేంద్రం గుర్తించింది 1947-48 నాటి ఘట్టాన్నే. తర్వాతి మూడేళ్ల కథ ఆ ఫైళ్లలో వెతికితే దొరకదు.

మూడో ముక్క రెవెన్యూ రికార్డు. 1950 కౌలుదారీ చట్టం కింద తయారైన రక్షిత కౌలుదార్ల రిజిస్టరు, 1954-55 ఖాస్రా పహాణీ చూస్తే ఆ ఇంటికి భూమి ఉందా, పట్టా ఎవరిది, దున్నింది ఎవరు అన్నది తెలుస్తుంది. సంగం పంచిన భూమి ఆ కుటుంబం చేతిలో నిలిచిందా, దొర చేతికి తిరిగి పోయిందా అన్నదానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం లేదు.

నోటిమాట

నాలుగోది మనుషుల మాట. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ పోరాటంలోని స్త్రీల మాటలను వాళ్ల నోటితోనే వినిపించింది. అంతకుముందు ఆ పేర్లలో చాలా వాటికి చరిత్రలో చోటే లేదు. పోరాటం ముగిశాక ఇంటికి వెళ్లిపొమ్మన్నప్పుడు కలిగిన బాధ ఏ జైలు రిజిస్టరులోనూ లేదు, వాళ్ల మాటల్లోనే ఉంది. జ్ఞాపకం తేదీల్లో తడబడుతుంది. నిజమే. కానీ ఎవరు అన్నం పెట్టారు, ఎవరు భయపడి తలుపు మూశారు అన్నది అది మరవదు. తేదీకి కాగితాన్ని, బతుకుకు నోటిమాటను పట్టుకుని, రెండూ కలిసిన చోట నిలబడాలి.

విరమణ తర్వాత జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికల్లో రావి నారాయణరెడ్డికి నల్లగొండ ఇచ్చిన ఓట్లు 3,09,162. ఆ ఓట్ల లెక్క ఒక్కటీ పోకుండా ఉంది. ఆ ఓట్లకు దారి వేసిన దళ సభ్యుల పేర్ల లెక్క మాత్రం మన దగ్గర పూర్తిగా లేదు. పట్టుబడినవాడు, చనిపోయినవాడు కాగితానికో రాతికో ఎక్కారు. దొరక్కుండా పోరాడి, మళ్లీ నాగలి పట్టుకున్నవాడు ఎక్కడా ఎక్కలేదు.

మీ ఇంట్లో ట్రంకు పెట్టెలో జైలు విడుదల చీటీ, పింఛను దరఖాస్తు నకలు, పాత పహాణీ ఉంటే ముందు ఫోటో తీసి పెట్టండి. ఉర్దూ చదవలేకపోయినా పారేయకండి. ముసలివాళ్లుంటే పక్కన కూర్చుని ఫోనులో మాట పట్టండి. తాతకు దళంలో ఏ పేరుండేదో మొదట అడగండి. 1951లో ఇరవై ఏళ్లున్న మనిషికి ఇప్పుడు తొంభై దాటాయి. వచ్చే పండుగకు అడుగుదాంలే అనుకునే వ్యవధి లేదు.