ఎక్సెల్‌లో ఫామ్ కంట్రోలా, యాక్టివ్‌ఎక్సా? ఏది వాడాలి?

ఎక్సెల్ డెవలపర్ ట్యాబ్‌లో ఇన్సర్ట్ నొక్కితే పైన ఫామ్ కంట్రోల్స్, కింద యాక్టివ్‌ఎక్స్ కంట్రోల్స్ కనిపిస్తాయి. చూడ్డానికి దాదాపు ఒకేలా ఉంటాయి కానీ పనితీరు వేరు.

ధర్మవరం పట్టుచీరల షాపుకి స్టాక్ షీట్ చేస్తున్నామనుకుందాం. చీర రకం ఎంచుకోడానికి కాంబో బాక్స్ కావాలి. ఫామ్ కంట్రోల్ పెడితే లింక్ చేసిన సెల్‌లో పేరు రాదు, లిస్టులో అది ఎన్నోదో ఆ నంబర్ వస్తుంది. ఇండెక్స్ ఫార్ములాతో పేరు తెచ్చుకోవాలి. యాక్టివ్‌ఎక్స్‌లో పేరే నేరుగా వస్తుంది. ఫాంట్, రంగు మార్చొచ్చు, టైప్ చేస్తుండగానే కోడ్ రన్ చేయొచ్చు.

మరి యాక్టివ్‌ఎక్సే బెటరా? అక్కడే ఉంది తిరకాసు. అది మ్యాక్‌లో పనిచేయదు. విండోస్‌లో కూడా ఆఫీస్ 2024లో, 2025 నుంచి మైక్రోసాఫ్ట్ 365లో సెక్యూరిటీ కోసం డిఫాల్ట్‌గా ఆపేశారు. షాపు వాళ్లు హిందూపురంలో కొత్త లాప్‌టాప్ కొనుక్కొచ్చి, పెళ్లిళ్ల సీజన్‌లో షీట్ తెరిస్తే బాక్స్ కనిపిస్తుంది గానీ పనిచేయదు. సెట్టింగ్ మార్చి ఆన్ చేయొచ్చు, కానీ ప్రతి కంప్యూటర్‌లో ఎవరు మారుస్తారు?

అందుకే పెనుకొండలో మా బాబాయి ఎరువుల కొట్టుకి చేసిచ్చిన షీట్‌లో అన్నీ ఫామ్ కంట్రోల్సే పెట్టాను. ఫోన్‌లో కూడా వాడాలంటే మాత్రం మాక్రోలు రన్ కావు. అప్పుడు మామూలు డేటా వాలిడేషన్ లిస్టు పెట్టేయండి, చాలు.