ల వేరు, ళ వేరు

కల నిద్రలో వస్తుంది. కళ అంటే పాట, ఆట, ముగ్గు. ఒక్క అక్షరంతోనే అర్థం మారింది.

ల అనేటప్పుడు నాలుక పళ్ల వెనక తగులుతుంది. ళ అనేటప్పుడు వెనక్కి మడుచుకుని అంగిలికి తగులుతుంది. పలికి చూడండి.

కన్నడం, తమిళం, మలయాళం, మరాఠీ భాషల్లో కూడా ళ ఉంది. మన మంగళవారం మరాఠీలో మంగళవార్. మామూలు హిందీలో ళ వాడరు. అందుకే వాళ్లది మంగల్‌వార్.

ఇంగ్లీషులో ల కూ ళ కూ ఎల్ అక్షరం ఒక్కటే. ఇంగ్లీషు చూసి తెలుగులో రాస్తే కళావతి పేరు కలావతి అయిపోవచ్చు.

వేలిముద్ర వేసే రోజుల్లో ఆ తప్పు కళావతికి కనిపించదు. చదువు వచ్చాక కనిపిస్తుంది. "నా పేరులో ళ ఉంది, సరిగా రాయండి" అని తనే అడుగుతుంది.