నవలల ఉన్న ఉస్మానియా యాడ ఉన్నది?

ప్రాగ్ పట్నంల ‘ఉ కలిహా’ అని ఒక బీరు దుకాణం ఉన్నది. దేశదేశాల జనం దాన్ని వెతుక్కుంట పోతరు. బీరు కోసమే అయితే గంత దూరం ఎవరు పోతరు? యారొస్లావ్ హాషెక్ చెక్ భాషల రాసిన ‘ష్వేక్’ నవల షురూలనే, మఫ్టీల ఉన్న పోలీసోడు ష్వేక్‌ను పట్టుకపోయేది గాడికెల్లే. 1921ల రాయవట్టి, పూర్తి కాకముందే 1923ల హాషెక్ సచ్చిపోయిండు. గా నవలల వచ్చే ఊర్లు, టేషన్లు, గల్లీలు ఏడున్నయో లెక్కదీసి మ్యాపులు గీసుకునేటోల్లు ఇప్పటికీ ఉన్నరు.

గండ్ల ఒక ముచ్చట చెప్త. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తున్నది. బుద్యెయోవిత్సె అనే ఊర్ల ఉన్న తన పటాలంల కలవాలె ష్వేక్. రైల్ల గొలుసు గుంజిన కేసుల తాబోర్ టేషన్ల దించిన్రు. రైలు పోయింది, ఇగ నడక వట్టిండు. దక్షిణం దిక్కు పోవాల్సినోడు పడమర దిక్కు తిరిగిండు. తిరిగి తిరిగి పోలీసుల చేతుల పడ్డడు, గూఢచారి అనుకున్నరు. గా ఊర్లన్నీ నిజమైనయే. హాషెక్ సొంతంగ గదే 91వ పటాలంల సిపాయి. కాల్లతోటి తొక్కిన నేలనే కాయితం మీద పెట్టిండు.

మరి మనకు గిసొంటి నవల లేదా? ఉన్నది. తార్నాక పక్కనే.

1969ల అచ్చయిన ‘అంపశయ్య’ ఉస్మానియా క్యాంపస్ల నడిచే నవల. రాసినాయన అసలు పేరు దొంగరి మల్లయ్య, ఊరు పాలకుర్తి దగ్గరి వావిలాల. ఉస్మానియాల ఎం.ఏ. చదివిండు. ‘నవీన్’ అని కలం పేరు పెట్టుకుంటే, నవల వచ్చినంక జనం ‘అంపశయ్య నవీన్’ అనే పిలిచిన్రు. కథల రవి అనే పల్లెటూరి పోరడు. ఒక్క రోజు, పొద్దుగాల నిద్ర లేసినకాడికెల్లి నడిరాత్రి దాక, వాని మనసుల తిరిగేదంత నవల. పైసల ఫికరు, చదువు ఫికరు, ఆడపిల్లల మీద ఆశ, ఊర్ల ఉన్న అమ్మా నాయిన యాది. గిట్ల రాసుడును చైతన్య స్రవంతి అంటరు. చదువవడితే మొదట్ల జర కష్టమైతది, పది పేజీలు దాటినంక గదే గుంజుకపోతది.

ఉస్మానియా అంటే ఫోటోలల్ల ఏం చూపెడ్తరు? ఆర్ట్స్ కాలేజీ. అది గొప్ప కట్టడమే, కాదంటలేను. బెల్జియం ఆర్కిటెక్టు జాస్పర్ నక్ష గీస్తే, ఏడో నిజాం 1939 డిసెంబర్ 4న దాన్ని ప్రారంభించిండు. గది రాజుగారి ఉస్మానియా. రవి ఉస్మానియా వేరే. హాస్టల్ రూముల మంచం, బాకీ పడ్డ మెస్సు బిల్లు, పక్కోని అంగీ చూసి లోపల్లోపల ముడుచుకునుడు. ష్వేక్ ప్రాగ్ల గూడ కోటలు, గోపురాలు ముందుకు రావు. బీరు దుకాణం, ఠాణా, జైలు, పిచ్చాసుపత్రి వస్తయి. చిన్నోల్ల మ్యాపు గిట్లనే ఉంటది. దాన్ని నవలల్ల తప్ప యాడ అచ్చెయ్యలే.

అందుకే నాకు మనసున పట్టదు. ప్రాగ్ల బీరు దుకాణానికి గంత ఇజ్జత్ ఉంటే, మన హాస్టళ్ల ముంగట ఒక చిన్న బోర్డు గూడ ఎందుకుండొద్దు? క్యాంపస్ జాగ మీద ఎవరి కండ్లో ఒకరియి పడుతనే ఉంటయి. గోడ జరిగినా, పాత బ్లాకు కూలినా, ‘గీడ ఫలానా కథ జరిగింది’ అని చెప్పేటోడు లేకుంటే గది ఉత్త సిమెంటే. ఆర్ట్స్ కాలేజీని కూలగొడ్తమని అనే ధైర్యం ఎవనికీ లేదు, ఎందుకంటే అందరికీ ఎరుక. హాస్టల్ రూముకు గా రక్షణ లేదు.

ఇయ్యాల గ్రూప్స్‌కు చదువుకుంట నాన్ బోర్డర్‌గ దోస్తు రూముల పండుతున్న తమ్ముడు, తార్నాక గల్లీలల్ల కిరాయి రూముల నలుగురితోటి సర్దుకుంటున్న చెల్లె, మీ బతుకులను ఎవరో ఒకరు అరవై ఏండ్ల కిందట్నే రాసి పెట్టిన్రు. మెస్సు రేట్లు మారినయి, ఫోన్లు వచ్చినయి. నెలాఖరుకు ఇంటికి ఫోన్ చేసి పైసలు అడుగుడానికి నోరు రాకపోవుడు మాత్రం గట్లనే ఉన్నది.

తార్నాక పేరు గూడ గమ్మతిది. తార్ అంటే తీగె, నాకా అంటే చౌకీ. తీగె కంచె కాడ కావలి ఉండేదట, గందుకు తార్నాక అయిందని చెప్పుకుంటరు. కంచె పోయింది, చౌకీ పోయింది, పేరు మిగిలింది. రవి కాలంల ఈడ మెట్రో లేదు, ఫ్లై ఓవర్ లేదు. తార్నాకల మెట్రో 2017 నవంబర్ల వచ్చింది.

మీరు ఊరికెల్లి మొదటిసారి వస్తే గిట్ల చెయ్యిన్రి. తార్నాక మెట్రో కాడ దిగి, క్యాంపస్ తొవ్వ పట్టి ఆర్ట్స్ కాలేజీ దిక్కు నడువున్రి. మెట్ల మీద సెల్ఫీ దిగున్రి, తప్పేం లేదు. అటెన్క హాస్టళ్ల దిక్కు పోయి, లైబ్రరీల ‘అంపశయ్య’ అడుగున్రి. చదువుకుంట, రవి తిరిగిన జాగ దొరికినకాడల్లా ఫోన్ మ్యాపుల ఒక గుర్తు పెట్టున్రి. పది మంది పెడితే దోస్తులకు పంపేంత మ్యాపు తయారైతది.