నోటిలో పుండు, మిల్లీమీటర్ల లెక్క

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పుట్టినవాడు పచ్చడి ముట్టలేకపోతున్నానంటే అది తేలిగ్గా తీసుకోవలసిన మాట కాదు. ముందు నోరు తెరిపించి చూడాలి. మూడు వేళ్ళు నిలువుగా పట్టనంతగా నోరు బిగిసి, బుగ్గల లోపలి పొర తెల్లగా పాలిపోయి ఉంటే సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్‌ను అనుమానించాలి. కొందరిలో ఇది క్యాన్సర్‌గా మారుతుంది. ఒకప్పుడు దీనికి మిరపకాయే కారణమని పరిశోధకులు అనుమానించారు. చివరికి అసలు దోషి వక్క అని తేలింది. గుట్కాలో, పాన్ మసాలాలో ఉండేది అదే. 2004లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వక్కను మనుషుల్లో క్యాన్సర్ తెచ్చే పదార్థాల జాబితాలో చేర్చింది. పొగాకు తోడైతే ముప్పు ఇంకా ఎక్కువ.

క్యాన్సర్ అని తేలాక ఇంట్లోవాళ్ళు అడిగేది ఒకటే: "రక్తపరీక్ష చేస్తే మావాడికి ఎంతవరకు నయమవుతుందో తెలీదా డాక్టరు గారూ?" న్యాయమైన ప్రశ్నే. దీనికోసం రక్తంలో సైఫ్రా 21-1, ఎస్‌సిసి యాంటిజెన్‌ అనే సూచికలనూ, కణితి ముక్కలో పి53, కెఐ-67 అనే ప్రోటీన్లనూ ఏళ్ళ తరబడి పరీక్షిస్తున్నారు. వందలమందిని కలిపి చూస్తే కొంత తేడా కనిపిస్తుంది గానీ, ఎదుట కూర్చున్న ఒక్క మనిషి సంగతి వాటితో తేల్చి చెప్పలేం. ఎస్‌సిసి యాంటిజెన్ అయితే కిడ్నీ జబ్బులోనూ, సోరియాసిస్‌లోనూ పెరగవచ్చు. గొంతులో టాన్సిల్ క్యాన్సర్‌కు పనికొచ్చే పి16 పరీక్షకు బుగ్గ, నాలుక క్యాన్సర్లలో అంత విలువ లేదు.

నమ్మదగిన జవాబు ఇప్పటికీ పాథాలజిస్టు మైక్రోస్కోపు కిందే దొరుకుతోంది. నాలుక మీద ఒకే వెడల్పున, రెండేసి సెంటీమీటర్ల పుండ్లు రెండున్నాయనుకోండి. ఒకటి 4 మిల్లీమీటర్ల లోతుకు దిగింది, రెండోది 8కి. పైకి చూస్తే తేడా తెలియదు. 2018 నుంచి వాడుకలో ఉన్న క్యాన్సర్ దశల వర్గీకరణ ప్రకారం మొదటిది టి1, రెండోది ఒక మెట్టు ముదిరిన టి2. లోతు పెరిగేకొద్దీ మెడలోని లింఫ్ గ్రంథులకు పాకే అవకాశం పెరుగుతుంది. జబ్బు అక్కడిదాకా వెళ్ళిందా లేదా అన్నదే అన్నిటికంటే పెద్ద సూచన.

ముంబయి టాటా మెమోరియల్ వైద్యులు 2015లో వెల్లడించిన ఫలితాలు ఈ విషయంలో కళ్ళు తెరిపించాయి. తొలిదశ నోటి క్యాన్సర్ రోగుల్లో కొందరికి మొదటి ఆపరేషన్‌లోనే మెడ గ్రంథులు తీశారు. మిగతావారికి మెడలో గడ్డ కనబడ్డాకే తీశారు. మూడేళ్ళకు బతికున్నవారు మొదటి గుంపులో 80 శాతం, రెండో గుంపులో 67.5 శాతం.

కాబట్టి రెండు వారాలైనా మానని పుండును పసరు మందులతో నెలల తరబడి నెట్టుకురావద్దు. గుంటూరు సర్వజనాసుపత్రిలోనే నాట్కో క్యాన్సర్ కేంద్రం ఉంది. ఆపరేషన్ అయ్యాక రిపోర్టు పట్టుకుని డాక్టరు గారిని విడమరిచి చెప్పమనండి: లోతెంత, కోసిన అంచుల్లో ఏమైనా మిగిలిందా, ఎన్ని గ్రంథులు తీస్తే ఎన్నింట్లో జబ్బు ఉంది, అది గ్రంథి పైపొర దాటి బయటికి వచ్చిందా అని.