ముందు గీత, తరువాత చేత

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. ఇల్లు కట్టే వారెవరూ కాగితం మీద గదులు గీయించకుండా పునాది తవ్వించరు. వంటిల్లు ఈశాన్యానికి పోయిందని ఇల్లాలు అప్పుడే అంటే గీత చెరిపితే సరి. గోడ లేచాక అంటే కూల్చిన ఖర్చూ మనదే, కట్టిన ఖర్చూ మనదే.

ఇంత తెలిసిన మనమే ఆఫీసులో అడుగు పెట్టగానే ఈ సంగతి మరిచిపోతాము. బెళ్ళందూరులో నేను గుమాస్తాగా ఉన్న కంపెనీలో బిల్లుల లెక్కలకు కొత్త కంప్యూటరు ఏర్పాటు తలపెట్టారు. తెర మీద ఏది ఎక్కడ ఉండాలో ఒక కుర్రవాడు పెన్సిలుతో గీస్తూ కూర్చుంటే, "బొమ్మలు వేసుకోవడానికా జీతం?" అన్నారు పైవారు. మూడు నెలలకు పని పూర్తయి నా బల్ల మీదకు వచ్చింది. సరుకు ఇచ్చినవాడి పేరు ఒక పుటలో, వాడికి ఇవ్వవలసిన సొమ్ము మరొక పుటలో! సరిదిద్దడానికి మరి రెండు నెలలు పట్టింది.

మరి పైవారికి నచ్చచెప్పడం ఎలాగ? మన బందరు వైపు వారైన పింగళి వెంకయ్యగారిని తలుచుకోండి. జాతీయ పతాకం గురించి ఆయన 1916లోనే పుస్తకం ప్రకటించారు. కాంగ్రెసు సభలలో ఏళ్ళ తరబడి ఆ మాటే చెప్పారు. 1921లో బెజవాడలో గాంధీగారు ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద రాట్నంతో నమూనా అడిగితే, మూడు గంటలలో చేతికిచ్చారు. అప్పటికే వేళ మించి అది సభ ముందుకు రాలేదు. అదీ మంచికే అయిందని గాంధీగారే వ్రాశారు. తీరికగా ఆలోచించగా, మిగిలిన మతాల వారికోసం తెలుపు కూడా ఉండాలని ఆయనకు తోచింది. చూశారా! నమూనా చేతికి వచ్చాక నాయకుడు తన ఆలోచనను కూడా అందులో కలిపాడు.

1967లో "సాక్షి"తో దర్శకులైన బాపుగారు కూడా దృశ్యాలను ముందుగా బొమ్మలు గీసుకుని సినిమా తీసేవారు. ఫిలిం ఖరీదు ముందు కాగితం ఖరీదెంత?

మొన్న మా ఆఫీసులో రసీదుల పని వచ్చింది. ఈసారి కుర్రవాడు వాదించలేదు. నాలుగు కాగితాలు మేనేజరుగారి ముందు పరచి, పెన్సిలు ఆయన చేతికిచ్చాడు. ఆయన ఒక గడి కొట్టివేసి, పక్కన మరొకటి గీశారు. తరువాత నన్ను పిలిచి, "పేరు పక్కనే సొమ్ము వచ్చిందా, చూడండి" అన్నారు.

ఇన్నేళ్ళ కొలువులో, పని మొదలు కాకముందే నన్ను అడగడం అదే ప్రథమం.