మితవాదిని గూర్చిన అపోహలు

రామగుండము జ్యోతినగరమున విద్యుత్కేంద్రపు పొగగొట్టములు కనబడు టీకొట్టు బల్లలపై, రాత్రి షిఫ్టు దిగినవారును ఉదయపు షిఫ్టునకు పోవువారును కలిసిన వేళ, "వాడు మితవాది" యను మాట తిట్టుగానే వినవచ్చును.

అపోహ: మితవాది గోడమీది పిల్లి, వానికి నిశ్చితాభిప్రాయము లేదు.

వాస్తవము: 1944లో భువనగిరి సభ పిదప నిజాము రాజ్యపు ఆంధ్రమహాసభ రెండుగా చీలినపుడు, మితవాదులని పేరుపడిన వారిలో మాడపాటి హనుమంతరావు అగ్రగణ్యుడు. వెట్టిచాకిరి పోవలెనన్న విషయమున ఆయనకును, ఎదుటి వర్గపు నాయకుడైన రావి నారాయణరెడ్డి పక్షమునకును భేదము లేదు. భేదమంతయు మార్గమును గూర్చినదే. ఉర్దూయే రాజభాషగా, విద్యాభాషగా వెలుగుచుండిన నిజాము రాజధానిలో 1928లోనే తెలుగు మాధ్యమమున బాలికలకు పాఠశాల నెలకొల్పిన వారిలో ముఖ్యుడును, 1935లో మన సిరిసిల్లలో మహాసభకు అధ్యక్షత వహించినవాడును అగు ఈయనను అభిప్రాయము లేనివాడనుట ఎట్లు? అర్జీలకు ఆ రాజ్యము కరగునని ఆ పక్షమువారు కొంత అధికముగానే నమ్మిరని నా మతము; అది వేరొక దోషము.

అపోహ: మితవాదమనగా కుడిపక్షము.

వాస్తవము: ఇందు తప్పు మన పత్రికలదే. 1907 సూరతు కాంగ్రెసునాటి గోఖలే వర్గమునకు చెల్లిన పేరునే 1959లో పుట్టిన స్వతంత్రపార్టీకిని అంటగట్టిరి. మితమునకు ఎదురు అతి గాని ఎడమ కాదు.

అపోహ: వాని ఓటు గాలి ఎటు వీచిన అటే.

వాస్తవము: 2023 నవంబరు 30న జరిగిన ఎన్నికలో రామగుండము శాసనసభాస్థానము కాంగ్రెసుకు దక్కినది, రాష్ట్రమును దానికే దక్కినది. నెల తిరుగక మునుపే, డిసెంబరు 27న, సింగరేణి బొగ్గుగనుల గుర్తింపుసంఘపు ఎన్నికలో కార్మికులు ఆ పార్టీ అనుబంధమైన ఐ.ఎన్.టి.యు.సి.ని కాదని సి.పి.ఐ. అనుబంధమైన ఏ.ఐ.టి.యు.సి.ని గెలిపించిరి. (శాసనసభకు కాంగ్రెసు, సి.పి.ఐ.లకు పొత్తుండిన మాట నిజమే. బాయిలమీద మాత్రము ఆ సంఘములు రెండును ముఖాముఖి తలపడినవి.) గాలివాటమే యైనచో గుర్తింపు ఏలినవారి సంఘమునకు పోవలసినది.

అపోహ: మితవాదము పిరికితనమునకు మారుపేరు.

దీనికి వాస్తవము నేను చెప్పవలసిన పని లేకపోయినది. ఆ టీకొట్టులోనే, పదవీవిరమణ చేసిన మైనింగు సర్దారొకడు, త్రాగిన గాజుగ్లాసును బల్లపై బోర్లించి, వ్రేలి కణుపుతో దాని అడుగును రెండుమారులు తట్టెను.

"కప్పు తట్టి చప్పుడు ఇనకుండ లోపలికి ఉరికెటోడు ధైర్యవంతుడా సార్? బోలుగ మోగితె కింద ఆసరా నిలబెట్టిచ్చి, మళ్ల తట్టి చూసి పోతుంటిమి. పోకుండనైతె ఉండకపోతిమి గద."


అని, గ్లాసు వెలకిల త్రిప్పి, ఇంకొక టీ తెమ్మనెను.