రాక్ సంగీతంలో పేర్ల చిక్కు

1989 ఫిబ్రవరిలో అమెరికాలో గ్రామీ బహుమతుల సభ జరిగినది. హార్డ్ రాక్, మెటల్ అను రెండు శైలులకూ కలిపి ఆ సంవత్సరమే ఒక బహుమతిని కొత్తగా ఏర్పాటు చేసినారు. ‘అండ్ జస్టిస్ ఫర్ ఆల్’ అను ఆల్బమ్ వెలువరించిన మెటాలికా బృందానికే అది దక్కునని అందరూ తలచినారు. తీరా కవరు విప్పి చదివిన పేరు జెత్రో టల్! ఆ బృంద నాయకుడు ఇయన్ ఆండర్సన్ వాయించునది వేణువు. సభలో ఎగతాళి కేకలు వినవచ్చినవి. ఆ బృందం రికార్డులు వేయు సంస్థ మాత్రం, వేణువు కూడా హెవీ మెటల్ వాద్యమేనని చమత్కారంగా ప్రకటన వేయించినది. మరుసటి యేడు ఆ బహుమతిని రెండుగా చీల్చినారు. 1992లో మెటాలికా వారు గ్రామీ అందుకొనుచు, ఈ యేడు ఆల్బమ్ వేయనందుకు జెత్రో టల్ వారికి కృతజ్ఞతలు తెలిపినారు. జెత్రో టల్ అన్నది 18వ శతాబ్దిలో విత్తనాలు వరుసగా నాటు యంత్రాన్ని ప్రచారం చేసిన ఒక ఆంగ్ల రైతు పేరు. మన గొర్రుకు దూరపు చుట్టమైన యంత్రమది. ఇనుముతో ఆ బృందానికి ఆ మాత్రం సంబంధం లేకపోలేదు!

నవ్వుకొని విడువదగిన ఉదంతమే. కాని ఆ రోజు గేలికి గురియైన ‘క్రెస్ట్ ఆఫ్ ఎ నేవ్’ వినదగని రికార్డు కాదు. నిదానంగా, పొందికగా సాగు గిటారు, వయసు మళ్ళిన గొంతులోని ఒక విధమైన ఓర్పు అందులో ఉన్నవి. దానికి తప్పు చీటీ అంటించినందువల్ల, వినకుండానే వెక్కిరించు అవకాశం లోకానికి చిక్కినది. పేర్ల వల్ల కలుగు నష్టం ఇట్టిది.

మన సంగీతంలో పేరుకు పూచీ ఉన్నది. కల్యాణి అన్నచో ప్రతిమధ్యమం ఉండి తీరవలె, శంకరాభరణమైనచో శుద్ధమధ్యమం. తక్కిన స్వరాలు రెండింటికీ ఒకటే. ఎవరైనా పేరు తప్పు చెప్పినచో చెవి పట్టి ఇచ్చును. రాక్ సంగీతంలో శైలుల పేర్లకు అట్టి పూచీ లేదు. ఒక పేరు ధ్వనిని చెప్పును, ఒకటి దేశాన్ని, ఒకటి సరుకు అమ్మిన దారిని, మరొకటి పాడినవాని ఒంటి రంగును. నాలుగు వేర్వేరు ప్రశ్నల జవాబులను ఒకే వరుసలో పేర్చి, అన్నింటినీ శైలులని పిలుచుచున్నారు. దుకాణదారునకు అలమరలు సర్దుకొనుటకు ఏదో ఒక పేరు కావలె, నిజమే. ఆ అలమర పేరునే సంగీత లక్షణమనుకొనుటలో వచ్చినది చిక్కంతా.

రంగు మాట ముందు చెప్పవలె. అమెరికా వాణిజ్య పత్రిక ‘బిల్‌బోర్డ్’ 1949 జూన్ వరకు నల్లజాతివారి రికార్డుల పట్టికకు ‘రేస్ రికార్డ్స్’ అని శీర్షిక పెట్టెడిది. ఆ పత్రికలో పనిచేయుచున్న జెరీ వెక్స్‌లర్ సూచనపై దానిని ‘రిథమ్ అండ్ బ్లూస్’ అని మార్చినారు. పేరు మర్యాదగా మారినది. గోడ మాత్రం కదలలేదు. ఆ సంగీతమే తెల్లవారి పిల్లలు కూడ చెవి ఒగ్గు రేడియోలలో మ్రోగునాటికి ‘రాక్ అండ్ రోల్’ అను పేరు వ్యాప్తిలోకి వచ్చినది. చక్ బెరీ, లిటిల్ రిచర్డ్ వంటి నల్లవారు కట్టిన ఇంటిని తెల్లవారి సొత్తుగా భావించిన తరాలు తరువాత వచ్చినవి. ఇందులో సంగీత లక్షణ చర్చ ఎక్కడున్నది?

దేశం పేరుతో పెట్టిన చీటీకి ‘క్రౌట్ రాక్’ ఉదాహరణ. క్రౌట్ అన్నది పులియబెట్టిన క్యాబేజీ వంటకం పేరు నుండి వచ్చిన మాట. యుద్ధకాలంలో ఆంగ్లేయులు జర్మనులను ఈసడించుటకు వాడినది. 1970 తరువాత కొద్ది యేండ్లలో ఆంగ్ల పత్రికలు జర్మనీ బృందాలన్నింటినీ ఆ పేరుతోనే ఒకే కట్టగా కట్టివేసినవి. డ్యూసెల్‌డార్ఫ్ నగరపు ‘నోయ్’ బృందం పాట తిన్నని రహదారిపై బండి వలె సాగును. ‘ఫౌస్ట్’ వారు టేపులను కత్తిరించి అతికించి, పాటను మధ్యలో విరిచి వేయుదురు. ఈ రెండింటికీ పాస్‌పోర్టు తప్ప సామ్యం కనబడదు. ఫౌస్ట్ వారు 1973లో తమ నాలుగవ ఆల్బమ్ మొదటి అంశానికి ‘క్రౌట్‌రాక్’ అనియే పేరు పెట్టి ఆ వెటకారాన్ని తిప్పికొట్టినారు.

కొలోన్ నగరపు ‘కాన్’ బృందాన్ని చూడుడు. వారి మొదటి గాయకుడు మాల్కమ్ మూనీ, అమెరికా నల్లజాతివాడు. తరువాతివాడు డమో సుజుకి, మ్యూనిక్ వీధిలో పాడుచుండగా వారి కంటబడిన జపాను యువకుడు. కనుక దేశవాచకంగానైనను ఆ పేరు సరిపోదు. వారి ‘టాగో మాగో’ (1971) నాకు ఎన్నిమారులు విన్నను తనివి తీరని ఆల్బమ్. అందులోని ‘హల్లెలూవా’ పద్దెనిమిది నిమిషాలకు పైబడినది. యాకీ లీబెట్‌సైట్ డ్రమ్ములపై పట్టిన నడకను విడువడు. తక్కినవారు దాని చుట్టూ వచ్చి పోవుచుందురు. తాళం వేయుచు కచేరీ విను అలవాటున్నవారికి ఇది విసుగు పుట్టించదని నా నమ్మకం.

‘ఇండీ’ అన్నది సరుకు దారి పేరు. 1980 జనవరిలో బ్రిటన్‌లో స్వతంత్ర సంస్థల రికార్డులకు ప్రత్యేక పట్టిక మొదలైనది. పెద్ద కంపెనీల పంపిణీ గుండా రాకుండుట ఒక్కటే అర్హత. పాట ఎట్లున్నను సరే. అందుచేతనే ఆ దశాబ్దం చివర కైలీ మినోగ్ నృత్యగీతాలు కూడ అందులోకి ఎక్కినవి. రసికులు గగ్గోలు పెట్టినారు గాని, పట్టిక తన నియమం ప్రకారమే నడిచినది. నేడు ఇండీ అన్నచో బిడియపు గొంతు, సన్నని గిటారు అని అర్థం. వెనుక ఎంత పెద్ద కంపెనీ ఉన్నను అడుగువారు లేరు. ‘ఆల్టర్నేటివ్’ సంగతి మరీ విడ్డూరం. 1991లో వచ్చిన నిర్వాణా వారి ‘నెవర్‌మైండ్’ మరుసటి జనవరిలో మైఖేల్ జాక్సన్ ఆల్బమ్‌ను త్రోసి అమెరికా పట్టికలో మొదటి స్థానమెక్కినది. పదిమందీ నడచు బాటను పక్కదారి అనుట అప్పటినుండి అలవాటైనది.

‘ప్రోగ్రెసివ్’ అనగా అభ్యుదయం. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం వెలసిన నాడు ఆ మాటకున్న వేడి వేరు. తరువాత కొందరి చేతిలో అది పడికట్టు పదాల మూటగా మారిన తీరు వేరు. ఉపాధ్యాయులకు ఇది నేను చెప్పనక్కరలేదు. రాక్ సంగీతంలోనూ అదే జరిగినది. 1969 అక్టోబరులో కింగ్ క్రిమ్సన్ వారి తొలి ఆల్బమ్ వచ్చినప్పుడు ఆ విశేషణం వారికి తగియే ఉన్నది. కొద్ది యేండ్లలోనే దీర్ఘమైన పాట, గారడీ చేయు కీబోర్డు, పాత గాథలు – ఇవి ఉన్నచో ప్రోగ్రెసివ్ అని లక్షణం స్థిరపడినది. లక్ష్యం నుండి లక్షణం పుట్టవలె గాని, లక్షణం చూచి లక్ష్యం వ్రాసినచో ఏమగునో మన క్షీణ ప్రబంధాలు చెప్పుచునే ఉన్నవి. అర్ధశతాబ్ది క్రిందటి ధ్వనిని నేడు యథాతథంగా దింపువారికి ‘ముందుకు పోవువారు’ అని బిరుదు! కింగ్ క్రిమ్సన్ నాయకుడు రాబర్ట్ ఫ్రిప్ మాత్రం 1974లో బృందాన్ని రద్దుచేసి, 1981లో ‘డిసిప్లిన్’తో తిరిగి వచ్చినాడు. రెండు గిటార్లు చిన్న చిన్న పలుకులను వేర్వేరు ఆవర్తాలలో పెనవేసికొనును. తొలి ఆల్బమ్ నాటి ఆర్భాటం ఏ కోశానా లేదు. ఆ పేరుకు అక్షరాలా న్యాయం చేసిన ఆల్బమ్ అదియేనని నేను అనుచున్నాను.

ఇక హెవీ మెటల్. బ్లాక్ సబ్బాత్ గిటారిస్టు టోనీ అయోమీ, పదునేడవ యేట బర్మింగ్‌హామ్ రేకుల కర్మాగారంలో కుడిచేతి రెండు వ్రేళ్ళ కొనలు పోగొట్టుకొన్నాడు. ఎడమచేతివాటం వాడగుటచే తంత్రులు నొక్కునవి ఆ వ్రేళ్ళే. తానే చేసికొన్న తొడుగులతో వాయించి, తరువాత తంత్రుల బిగువు సడలించి శ్రుతి దించినాడు. ఆ బరువైన నాదానికి ఆ పేరు ఒప్పును. అదే పేరును లెడ్ జెపెలిన్‌కు తగిలించినవారు, 1970 అక్టోబరులో వచ్చిన వారి మూడవ ఆల్బమ్ విని తెల్లబోయినారు. అందులోని పాటలు కొన్ని వేల్స్ కొండలలో విద్యుత్తు లేని కుటీరంలో రూపు దిద్దుకొన్నవి. రికార్డు త్రిప్పి వేసినచో ‘గాలోస్ పోల్’ అను పాత జానపద గాథ. మొదట ఒంటరి గిటారు, పిమ్మట మాండొలిన్, ఆ మీదట బాంజో, డ్రమ్ములు – జాతరకు జనం చేరినట్లు చేరును. దానిని ఏ అలమరలో ఉంచవలెనో తెలియక, నేను నా రికార్డులన్నింటినీ సంవత్సరాల వరుసన సర్దుకొన్నాను. ఇప్పుడు దాని పక్కన బ్లాక్ సబ్బాత్ తొలి ఆల్బమ్ ఉన్నది. రెండూ 1970వే.